గుంటూరు గ్రహణమూ, సోమరి వాయువులూ

(మన సంఘం సభలో చేసిన ప్రసంగ పాఠం)



మేము పండితులము కాము. మెట్రిక్ పరీక్ష ఎలాగో గట్టెక్కి, రైల్వేలో గుమాస్తా ఉద్యోగంలో కుదురుకున్నవారము. కాపురం తిరువళ్ళూరులో, పని తిరుత్తణిలో. పోనూ రానూ లోకల్ బండిలో గడిచే కాలమే మా చదువుకు దొరికే కాలం. అటువంటి మమ్మల్ని శాస్త్రవిషయం మీద మాట్లాడమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించడానికి ఒక కారణం ఉన్నది. ఆ కారణం మా ఇంట్లోనే పుట్టింది.

క్రిందటి ఉగాది సభ మీలో చాలామందికి జ్ఞాపకం ఉండే ఉంటుంది. మన వక్తలలో ఒకరు తెలుగునాటి గొప్పతనాన్ని వర్ణిస్తూ, "హీలియం అనే వాయువును కనిపెట్టింది మన గుంటూరులోనే" అన్నారు. హాలు చప్పట్లతో మ్రోగిపోయింది. అందరికంటే గట్టిగా కొట్టింది మేమే, ఎందుకంటే మా పూర్వులది గుంటూరు సీమ. ఇంటికి నడిచిపోతూ ఉంటే పదో తరగతి చదువుతున్న మా అమ్మాయి అడిగింది: "నాన్నా, మాకు బడిలో లాకియర్ అని ఒక ఇంగ్లీషాయన పేరు చెప్పారే! పరీక్షలో గుంటూరు అని వ్రాస్తే మార్కు వేస్తారా?"

"సభలో పెద్దవారు చెప్పారు గదమ్మా" అన్నాము.

"చెప్పింది ఎవరని అడగలేదు నాన్నా. నిజమా అని అడిగాను" అన్నది.

మా దగ్గర జవాబు లేదు. చప్పట్లు కొట్టిన చేతులు జేబులో పెట్టుకుని ఇల్లు చేరాము. ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ ఒక ఏడాది గడిచింది. దొరికినంత మట్టుకు ఈ పూట మీ ముందు పెడతాము. మా అమ్మాయి కూడా ఆ చివరి వరసలోనే కూర్చుని ఉన్నది గనుక తప్పు చెప్పే ధైర్యం మాకు లేదు.

మొదట ఈ హాలులోని గాలితోనే మొదలు పెడదాము. గాలిలో నూటికి 78 పాళ్ళు నత్రజని, 21 పాళ్ళు ప్రాణవాయువు అని మనమందరమూ చిన్నప్పుడు వల్లించిందే. మిగిలిన ఒక పాలు ఏమిటని అడిగితే బొగ్గుపులుసు వాయువు, నీటి ఆవిరి అని చెప్పి తప్పించుకునేవాళ్ళము. కాని ఆవిరి తీసివేసి లెక్క కడితే ఆ మిగిలినదానిలో దాదాపు అంతా, అంటే నూటికి 0.93 పాళ్ళు, ఆర్గాన్ అనే వాయువు. బొగ్గుపులుసు వాయువు దానిలో ఇరవయ్యో వంతు కూడా లేదు. పది అడుగుల పొడుగు, పది అడుగుల వెడల్పు, పది అడుగుల ఎత్తు ఉన్న గదిలో తొమ్మిది ఘనపుటడుగులకు పైగా ఆర్గానే ఉంటుంది. మనం పీల్చే ప్రతి శ్వాసలోనూ అది లోపలికి పోతుంది, వచ్చిన దారినే బయటికి వస్తుంది. ఒంటిలో దేనితోనూ కలవదు. దానికి రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు.

ఆర్గాన్‌కు తోబుట్టువులు ఉన్నాయి. హీలియం, నియాన్, ఆర్గాన్, క్రిప్టాన్, క్సెనాన్, రేడాన్ అని ప్రకృతిలో దొరికేవి ఆరు. మన తెలుగు పుస్తకాలలో వీటిని జడవాయువులు అన్నారు, ఉత్కృష్ట వాయువులు అనీ అన్నారు. ఇక్కడి తమిళ పుస్తకాలలో 'మంద వాయుక్కళ్' అన్నారు. మందకొడి అనే మాట మనకూ ఉన్నదే! ఆర్గాన్ అనే గ్రీకు మాటకు అర్థం కూడా సోమరి అనే. ఒక భాషవారు జడం అన్నా, ఒక భాషవారు మందం అన్నా, ఇంకొకరు సోమరి అన్నా చెప్పిన సంగతి ఒక్కటే. ఎవరితోనూ కలవదు, ఎవరినీ అంటదు. ఉత్కృష్టం అన్నవారు మాత్రం దానినే దొరతనంగా ఎంచారు.

రంగూ వాసనా లేక, దేనితోనూ కలవని వస్తువును మనిషి ఎట్లా పట్టుకున్నాడు? రెండు దారుల పట్టుకున్నాడు. ఒకటి వెలుగు దారి, రెండవది తూకం దారి. వెలుగు దారి మన గుంటూరు మీదుగా పోతుంది.

ఆడవారికి ఈ సంగతి మాకంటే బాగా తెలుసును. పొయ్యి మీద కూర పొంగి ఉప్పునీళ్ళు మంటలో పడితే, నీలంగా ఉన్న మంట చటుక్కున పసుపు రంగుకు తిరుగుతుంది. ఉప్పులో ఉన్న సోడియం చేసే పని అది. ఆ పసుపు వెలుగును మూడు పలకల గాజుముక్క గుండా చూస్తే, సరిగ్గా ఒకచోట ప్రక్కప్రక్కనే రెండు సన్నని పసుపు గీతలు కనిపిస్తాయి. ప్రతి మూలకానికీ ఇట్లా తన గీతలు తనకు ఉంటాయి. ఒకదాని గీతలు మరొకదానికి రావు. మన ఆఫీసులలో వేలిముద్ర ఎటువంటిదో ఇది అటువంటిది. 1859లో జర్మనీలో కిర్కాఫ్, బున్సెన్ అనే ఇద్దరు ఈ రహస్యాన్ని స్థిరపరచారు. ఆ గీతలు చూపించే యంత్రాన్ని వర్ణపటదర్శిని అంటారు. దీనితో ఎంత దూరాన మండే వస్తువు పేరైనా కూర్చున్నచోటి నుంచి చెప్పవచ్చును. సూర్యునిదైనా సరే.

అయితే సూర్యుని అంచున లేచే ఎర్రని జ్వాలలను ఆ రోజులలో సంపూర్ణ గ్రహణ సమయంలో తప్ప చూడలేకపోయేవారు. 1868 ఆగస్టు 18వ తేదీ, మంగళవారం, మన లెక్కకు విభవ నామ సంవత్సర శ్రావణ బహుళ అమావాస్య. ఆ ఉదయం సంపూర్ణ సూర్యగ్రహణపు నీడ పడమటి తీరాన ప్రవేశించి, బిజాపూరు, వనపర్తి, గుంటూరు, మచిలీపట్నాల మీదుగా బంగాళాఖాతంలోకి దాటింది. గుంటూరులో అయిదు నిమిషాలకు మించి సూర్యుడు పూర్తిగా మరుగైపోయాడు. అంత దీర్ఘమైన గ్రహణం అరుదు. అందుచేత దేశదేశాల శాస్త్రజ్ఞులు మన ఊళ్ళకు వచ్చి దిగారు. మన ఇళ్ళలో పట్టుస్నానాలు, విడుపుస్నానాలు జరుగుతూ ఉంటే, వారు దూరదర్శినులు బిగించుకుని కూర్చున్నారు.

ఒక్క మాట మనవి చేస్తాము. మన తిరువళ్ళూరు మీదుగా పోయే రైలుదారి 1856లోనే రాయపురం నుంచి వాలాజా రోడ్డు వరకు పడింది. కాని 1868 నాటికి మద్రాసు నుంచి గుంటూరుకు రైలు లేదు. బరువైన గాజులు, ఇత్తడి గొట్టాలు, గడియారాలు, ఒక్కటి చిట్లితే వచ్చిన పని వ్యర్థం. అటువంటి సామానును రైలు లేని రోజులలో గుంటూరు చేర్చారంటే, పార్సిలు పని చేసినవారముగా మేము వారికి చెయ్యెత్తి దండం పెడతాము.

ఫ్రాన్సు నుంచి వచ్చిన జాన్సెన్ అనే ఆయన గుంటూరులో ఒక ఫ్రెంచి వర్తకుని ఇంట మకాం పెట్టాడు. ఇంగ్లీషువారి తరపున మేజర్ టెన్నెంటు బృందం కూడా గుంటూరులోనే దిగింది. మద్రాసు వేధశాల అధిపతి పాగ్సన్ మచిలీపట్నంలో ఉన్నాడు. ఆ వేధశాలలోనే పనిచేసిన మన దేశస్థులు చింతామణి రఘునాథాచారిగారు వనపర్తికి వెళ్ళారు. 1867లోనే వెలుగు మారే నక్షత్రం ఒకదానిని గుర్తించిన ఘనులు వారు. పాపం, వనపర్తిలో మబ్బు అడ్డుపడింది. ఎంత సిద్ధపడి కూర్చున్నా మబ్బుకు దయ ఉండాలి గదా!

గుంటూరులో జాన్సెన్ ఆ జ్వాలల వెలుగును పరీక్షించి, అవి ముఖ్యంగా ఉదజని, అంటే హైడ్రోజన్, మండిపోతున్న రాసులని గ్రహించాడు. ఆ గీతలు ఎంత ప్రకాశంగా ఉన్నాయంటే, గ్రహణం లేకపోయినా వీటిని చూడవచ్చునని ఆయనకు ఆ క్షణంలోనే తోచింది. మరునాడు, ఆగస్టు 19న, మామూలు ఎండలోనే చూశాడు. కనిపించాయి! సెప్టెంబరు 4 వరకు గుంటూరులోనే ఉండి రోజూ చూశాడు. మనుష్యజాతి గ్రహణం కోసం కాచుకుని ఉండవలసిన అవసరం గుంటూరులో తీరిపోయింది. ఇది చిన్న సంగతి కాదు.

మరి హీలియం మాట? జ్వాలల వెలుగులో ఒక పసుపు గీత కూడా ఉన్నది. ఆనాడు దాన్ని చూసినవారు ఒకరు కాదు. చాలామంది అది సోడియం గీతే అనుకున్నారు. మచిలీపట్నంలో పాగ్సన్ మాత్రం ఆ గీత సోడియం స్థానంలోనో, దానికి దగ్గరలోనో ఉన్నదని అనుమానంగా వ్రాసిపెట్టాడు. ఆ అనుమానమే అసలు విషయం. కాని ఆయన నివేదిక మద్రాసు ప్రభుత్వపు ప్రతిగా అచ్చై, పెద్ద శాస్త్రపత్రికలకు ఎక్కకుండా ఉండిపోయింది. జాన్సెన్ తన వ్రాతలలో ఎక్కడా క్రొత్త మూలకాన్ని కనుగొన్నానని చెప్పుకోలేదు.

చెప్పినవాడు నార్మన్ లాకియర్. ఈయన కథ మాకు ప్రత్యేకంగా ప్రీతి. ఎందుకంటారా? ఈయన కూడా గుమాస్తాయే! లండనులో యుద్ధశాఖ కార్యాలయంలో ఉద్యోగం, తీరిక వేళలలో ఆకాశం. అప్పటికి వయస్సు 32. 1868 అక్టోబరు 20న, గ్రహణం లేకుండానే, లండను నుంచే ఆయన సూర్యజ్వాలల గీతలను చూశాడు. గుంటూరు సంగతి ఆయనకు తెలియదు. జాన్సెన్ తన జాబును సెప్టెంబరు 19న కాకినాడ నుంచి పంపాడు. చిత్రమేమంటే, కాకినాడలో బయలుదేరిన జాబూ లండనులో బయలుదేరిన జాబూ పారిస్ విజ్ఞాన పరిషత్తులో అక్టోబరు 26న ఒకే సమావేశంలో చదవబడ్డాయి. ఎవరు ముందని తగవు పడకుండా, ఫ్రాన్సు ప్రభుత్వం 1872లో ఇద్దరి ముఖాలూ ఒకే పతకం మీద అచ్చువేయించింది.

లాకియర్ అంతటితో ఆగలేదు. ఆ పసుపు గీతను నిదానంగా కొలిచాడు. సోడియం గీతలు 589.0, 589.6 నానోమీటర్ల దగ్గర ఉంటాయి. ఈ గీత దాదాపు 587.6 దగ్గర ఉన్నది. ఇది సోడియం కాదు. ఫ్రాంక్‌లండ్ అనే రసాయనజ్ఞునితో కలిసి ఉదజని నుంచి ఈ గీతను రాబట్టాలని ఎన్ని విధాల ప్రయత్నించినా రాలేదు. అయితే ఇది భూమి మీద ఎవరూ ఎరుగని మూలకం అయి ఉండాలి! సూర్యుని గ్రీకు పేరు హీలియోస్ కనుక దానికి హీలియం అని పేరు వచ్చింది. నమ్మినవారు కొద్దిమంది, నవ్వినవారు ఎక్కువమంది. ఇరవై ఏడు సంవత్సరాలు ఆ పేరు నవ్వులపాలై ఉన్నది.

కాబట్టి అమ్మాయీ, నీ ప్రశ్నకు జవాబు ఇది. పరీక్షలో లాకియర్ పేరే వ్రాయి. కాని ఎవరైనా గుంటూరుకు దీనితో సంబంధం లేదంటే మాత్రం ఊరుకోకు. హీలియం వెలుగు మన గుంటూరు, మచిలీపట్నాల ఆకాశంలో మనుషుల కళ్ళకు కనిపించింది, గ్రహణం లేకుండా సూర్యజ్వాలలను చూసే విద్య గుంటూరులో పుట్టింది, దానిని క్రొత్త మూలకమని గుర్తించింది మాత్రం లండనులో ఒక గుమాస్తా అని చెప్పు. మన వాటా ఎంతో అంతే చెప్పుకుంటే ఎవరూ దాన్ని మన చేతిలోనుంచి లాక్కోలేరు. లేని వాటా కలిపి చెప్పుకుంటే ఉన్నది కూడా పోతుంది.

ఇక రెండవ దారి, తూకం దారి. దీనికి ముందు మా అనుభవం ఒకటి చెప్పుకోవలసి ఉన్నది. అది మాకు గౌరవం తెచ్చేది కాదు.

ఈ ప్రాంతానికి రాకముందు మేము ఒక చిన్న స్టేషనులో పార్సిలు ఆఫీసులో పనిచేశాము. చేనేత బట్టల మూటలు పంపే పెద్దాయన ఒకరు వారం వారం వచ్చేవారు. ఆయన ఇంట్లో తూచుకుని వచ్చిన బరువుకూ, మా కాటా చూపే బరువుకూ తేడా వచ్చేది. యాభై కిలోల మూట మీద పావుకిలో. దాంతో రేటు పట్టికలో మూట తరువాతి మెట్టుకు పోయేది, ఆయనకు డబ్బు ఎక్కువ పడేది. "పావుకిలో అబద్ధం ఆడి నేనేం మేడలు కడతానప్పా?" అనేవారు. అందరమూ నవ్వేవారము. "కాటా అబద్ధం చెబుతుందా పెద్దాయనా?" అని మేమూ అన్నాము. ఒక్కసారి కాదు, ఏడాది పొడుగునా అన్నాము.

ఒకనాడు ముద్ర వేసిన తూకపు రాళ్ళు తెప్పించి ఊరికే కాటా మీద పెట్టి చూశాము. యాభై కిలోల రాళ్ళకు కాటా యాభై కిలోల పావు చూపించింది! పలక ఎత్తి చూస్తే క్రింద మట్టీ గోనెపీచూ గట్టిపడి అంటుకుని ఉన్నాయి. పెద్దాయన తూకమే నిజం. పై అధికారికి వ్రాసి కాటా బాగు చేయించాము. మరుసటి వారం ఆయన వచ్చినప్పుడు అందరి ఎదుటా క్షమాపణ చెప్పుకున్నాము. "డబ్బు పోతే పోయిందిలే అప్పా. అబద్ధాలకోరు అనే మాట పోయింది, అది చాలు" అన్నారు. ఆ మాట ఇప్పటికీ మా చెవిలో ఉన్నది.

ఈ ఏడాది లోకల్ బండిలో రేలీ ప్రభువు కథ చదువుతూ ఉంటే మాకు ఆ కాటా గుర్తుకు వచ్చింది. ఈయన ఇంగ్లండులో వాయువుల బరువులు తూచేవాడు. గాలిలోనుంచి ప్రాణవాయువు మొదలైనవి తీసివేయగా మిగిలిన నత్రజని లీటరుకు 1.2572 గ్రాములు తూగింది. రసాయన పదార్థాల నుంచి తయారు చేసిన నత్రజని 1.2505 గ్రాములు తూగింది. తేడా నూటికి అర! మా కాటా తేడా కూడా సరిగ్గా నూటికి అరే. ఇంకొకరైతే చేతిపొరపాటు అని కొట్టివేసేవారు. ఆయన మళ్ళీ మళ్ళీ తూచాడు. తేడా పోలేదు. 1892లో 'నేచర్' పత్రికకు జాబు వ్రాసి, కారణం తెలిసినవారు చెప్పవలసిందని లోకాన్నే అడిగాడు. ప్రభువై ఉండి, నాకు తెలియలేదని అచ్చులో ఒప్పుకోవడానికి ఎంత పెద్ద మనసు కావాలి!

విలియం రామ్సే అనే రసాయనజ్ఞుడు ఈ సమస్యను అందుకున్నాడు. గాలినుంచి తీసిన నత్రజనిని కాలుతున్న మెగ్నీషియం మీదుగా మళ్ళీ మళ్ళీ పంపాడు. మెగ్నీషియం నత్రజనిని పట్టుకుంటుంది. అంతా పట్టుకున్న తరువాత కూడా కొంచెం వాయువు మిగిలింది. దాని గీతలు చూస్తే ఎవరూ ఎరుగనివి. అదే ఆర్గాన్. 1894 ఆగస్టులో ఆక్స్‌ఫర్డులో ఇద్దరూ ఈ సంగతి ప్రకటించారు.

ఇందులో ఇంకొక విడ్డూరం ఉన్నది. నూరు సంవత్సరాలకు పైగా ముందే, 1785లో, కావెండిష్ అనే ఆయన గాలిలో విద్యుత్తు మెరుపులు పుట్టించి నత్రజనినంతా తీసివేశాడు. చివరికి ఒక చిన్న బుడగ మిగిలింది. మొత్తంలో 120వ వంతుకు మించదని లెక్క వ్రాసిపెట్టాడు. ఆ బుడగే ఆర్గాన్! వ్రాసిన లెక్క కాగితాలలోనే ఉన్నది. చదివినవారు ఉన్నారు. మిగిలింది కొంచెమే గదా అని ఎవరూ అడగలేదు.

ఆ తరువాత పని చకచకా సాగింది. 1895 మార్చిలో రామ్సే క్లీవైట్ అనే యురేనియం రాతిని ఆమ్లంలో వేసి, వచ్చిన వాయువును పరీక్షించాడు. ఆర్గాన్ కోసం చూస్తే పసుపు గీత కనిపించింది. సోడియం గీత కాదు. అది గుంటూరు ఆకాశంలో కనిపించిన గీతే! ఇరవై ఏడేళ్ళు సూర్యునిలో తప్ప లేదనుకున్న హీలియం మన కాళ్ళ క్రింది రాతిలో ఉన్నది. లాకియర్ అప్పటికి బ్రతికే ఉండి, ఆ గీతను తన కళ్ళతో చూసుకున్నాడు. నవ్వినవారు నోళ్ళు మూసుకున్నారు.

1898లో రామ్సే, ఆయన శిష్యుడు మోరిస్ ట్రావర్స్ కలిసి, ద్రవంగా మార్చిన గాలిని కొంచెం కొంచెంగా ఆవిరి చేస్తూ, కొన్ని వారాలలోనే మూడు క్రొత్త వాయువులను పట్టుకున్నారు. మొదటిది క్రిప్టాన్, అంటే దాగి ఉన్నది. రెండవదానికి పేరు కోసం చూస్తూ ఉంటే, రామ్సే పదమూడేళ్ళ కుమారుడు లాటిన్‌లో 'క్రొత్తది' అనే అర్థమిచ్చే మాట సూచించాడట. దానినే గ్రీకులోకి మార్చి నియాన్ అన్నారు. పిల్లల మాట విన్న తండ్రి మేమొక్కరమే కాదన్నమాట! మూడవది క్సెనాన్, అంటే పరాయివాడు, పొరుగుదేశస్థుడు. ఈ మూడవ పేరు మీరు మనసులో ఉంచుకోవలసిందిగా ప్రార్థన. చివర దానితో పని ఉన్నది.

1900లో రేడియం నుంచి వెలువడే రేడాన్‌ను జర్మనీలో డోర్న్ గుర్తించాడు. 1904లో రేలీకి భౌతికశాస్త్రంలోనూ, రామ్సేకు రసాయనశాస్త్రంలోనూ నోబెల్ బహుమానాలు వచ్చాయి. ఈ రామ్సే 1900లో మన దేశానికి వచ్చి తిరిగి, టాటాగారు తలపెట్టిన విజ్ఞానసంస్థకు బెంగుళూరు తగిన చోటని సలహా చెప్పాడు. ఆ సంస్థకు మొదటి డైరెక్టరుగా వచ్చినవాడు క్సెనాన్‌ను కనుగొన్న ట్రావర్సే. కనుక ఈ వాయువుల కథలో దక్షిణదేశం గ్రహణంతోనే ఆగిపోలేదు.

ఈ వాయువులు ఎందుకు ఎవరితోనూ కలవవు? ప్రతి పరమాణువు చుట్టూ ఎలక్ట్రానులు వరసలుగా ఉంటాయి. చివరి వరసలో ఎనిమిది నిండితే ఆ పరమాణువుకు తృప్తి. సోడియానికి ఒకటి ఎక్కువ, ఇవ్వాలని చూస్తుంది. క్లోరినుకు ఒకటి తక్కువ, పుచ్చుకోవాలని చూస్తుంది. ఇచ్చిపుచ్చుకుంటే మనం తినే ఉప్పు అవుతుంది. నియాన్, ఆర్గాన్ మొదలైనవాటికి ఎనిమిదీ నిండి ఉన్నాయి. హీలియానికి ఉన్నది ఒకటే వరస, దానికి రెండే చాలు, రెండూ ఉన్నాయి. అడగవలసిన అవసరం లేదు, ఇవ్వవలసిన మిగులూ లేదు. అందువల్ల తమలో తాము కూడా జతకట్టక ఒంటరిగానే తిరుగుతాయి. ఒకదానిని ఒకటి పట్టుకోవు గనుక ద్రవంగా మారడం కూడా కష్టమే. హీలియం సున్నకు క్రింద 269 డిగ్రీల దాకా చల్లబరిస్తే గాని ద్రవం కాదు. 1908 జులై 10న హాలండులో కామర్లింగ్ ఆన్నెస్ దాన్ని సాధించాడు.

సోమరులని పేరే గాని వీటివల్ల జరిగే పనులు ఎన్నో. మన ఇళ్ళలో ఏళ్ళ తరబడి వెలిగిన గుండు బల్బులో తీగ కాలిపోకుండా కాపాడింది ఆర్గాన్. తుప్పుపట్టని ఉక్కును అతికేటప్పుడు గాలి సోకకుండా కాచేది ఆర్గాన్. ఊరి దుకాణాల మీద ఎర్రగా మెరిసిన బోర్డులలో నియాన్ ఉండేది. 1910లో పారిస్‌లో జార్జి క్లాడ్ ఆ దీపాలను ప్రజలకు చూపించాడు. పెద్ద ఆసుపత్రులలో శరీరం లోపలి భాగాలను చూపే ఎమ్మారై యంత్రపు అయస్కాంతాన్ని చల్లగా ఉంచేది ద్రవ హీలియం. మన దేశం దానిని దాదాపు అంతా బయటి దేశాల నుంచే కొనుక్కుంటున్నది. రేడాన్ ఒక్కటి మాత్రం అపాయకారి. గాలి ఆడని గనులలో చేరితే ఊపిరితిత్తులకు కీడు చేస్తుంది.

సందర్భం వచ్చింది గనుక తల్లిదండ్రులకు ఒక హెచ్చరిక. తిరుత్తణి కొండ దగ్గర ఆడికృత్తిక ఉత్సవాలలోనూ, ఇతర తిరునాళ్ళలోనూ పైకి ఎగిరే బుడగలు అమ్ముతారు. హీలియం నింపినవైతే నిప్పు భయం లేదు, అది మండదు. కాని హీలియం ఖరీదైనది. కాస్టిక్ సోడా, అల్యూమినియం ముక్కలు వేసి సిలిండరులోనే ఉదజని పుట్టించి నింపేవారు ఉంటారు. ఉదజని నిప్పురవ్వకే భగ్గుమంటుంది, సిలిండరు పేలవచ్చును. 1937 మే 6న అమెరికాలో హిండెన్‌బర్గ్ అనే జర్మను విమాననౌక మండిపోయి 36 మంది మరణించారు. అందులో నింపింది ఉదజని. అమెరికా హీలియం ఎగుమతిని నిషేధించి ఉన్నందువల్ల జర్మనులకు అది దొరకలేదు. కనుక పిల్లలను ఆ సిలిండరు ప్రక్కన నిలబెట్టకండి.

ఇక ముగింపునకు వస్తాము. ఈ వాయువులు దేనితోనూ కలవవని అరవై ఏళ్ళకు పైగా లోకమంతా పాఠం చెప్పింది. పుస్తకంలో ఉన్నది గనుక ఎక్కువమంది ప్రయత్నించడం కూడా మానేశారు. కెనడాలో నీల్ బార్ట్‌లెట్ అనే ఇరవై తొమ్మిదేళ్ళ యువకుడు ప్లాటినం, ఫ్లోరిన్ కలిసిన ఒక ఎర్రని వాయువుతో పనిచేస్తున్నాడు. అది ప్రాణవాయువు నుంచే ఎలక్ట్రానును లాగివేయడం చూశాడు. ప్రాణవాయువు తన ఎలక్ట్రానును ఎంత గట్టిగా పట్టుకుంటుందో, క్సెనాన్ కూడా దాదాపు అంతే గట్టిగా పట్టుకుంటుందని పట్టికలో కనిపించింది. అయితే క్సెనాన్ మాత్రం ఎందుకు కలవకూడదు? 1962 మార్చి 23న రెండింటి మధ్య ఉన్న అడ్డు తొలగించాడు. తక్షణమే పసుపు పచ్చని ఘనపదార్థం ఏర్పడింది. పరాయివాడని పేరు పెట్టిన వాయువే అన్నిటికంటే ముందు చుట్టరికం కలుపుకున్నది!

మన సంగతి ఆలోచించండి. తిరుత్తణి తాలూకా 1960 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రంలోకి వచ్చింది. అక్కడి తెలుగువారు ఇల్లు కదలలేదు, సరిహద్దే కదిలింది. తిరువళ్ళూరులో ఉన్న మనలో చాలామంది ఉద్యోగాల కోసం వచ్చినవారము. ఎట్లా వచ్చినా ఇక్కడి గాలిలో మనం కొద్ది పాళ్ళమే. కొందరు మనలను కలవనివారంటారు. ఇంకొందరు కలిసిపోయి లేకుండా పోయారంటారు. క్సెనాన్ ఆ రెండూ కాదు. చుట్టరికం కలుపుకున్న తరువాత కూడా అది క్సెనానే. మా అమ్మాయి శాస్త్రం తమిళంలో చదువుతుంది, మార్కులు బాగానే తెచ్చుకుంటుంది. ఆ తమిళం ఆమెకు అన్నం పెట్టే భాష, మాకూ గౌరవమే. కాని చదివినదానిని ఇంటికి వచ్చి తండ్రితో తెలుగులో చెప్పుకోలేకపోతే, ఆ ఇంట్లో ఏదో తూకం తగ్గినట్లే. ఈ ఏడాది మేమిద్దరమూ చేసినది అదే. ఆమె తమిళ మాట చెప్పేది, మేము తెలుగు మాట వెతికేవాళ్ళము. దొరకనిచోట ఇద్దరమూ కలిసి ఒక మాట కట్టుకునేవాళ్ళము.

మా విన్నపం ఒక్కటే. నెలకు ఒక్క ఆదివారం సాయంకాలం మన పిల్లలు తాము బడిలో చదివిన ఒక్క పాఠాన్ని ఈ హాలులో తెలుగులో చెప్పేటట్లు సంఘం ఏర్పాటు చెయ్యాలి. పెద్దలము విందాము. వారు అడిగిన ప్రశ్నకు "పెద్దవారు చెప్పారు" అని జవాబు చెప్పకుండా ఉందాము. తేడా కనిపిస్తే నూటికి అరే గదా అని వదిలివేయకుండా కాటా పలక ఎత్తి చూద్దాము. మట్టి మన క్రిందనే ఉండవచ్చును.